నా మాట వినే బండి: పిల్లలకు మొదటి రిమోట్ కారు ఎంచుకోవడం ఎలా

మా వాడి నాలుగో పుట్టినరోజుకి ఎగ్జిబిషన్‌లో ఒక ఎర్ర రేసు కారు కొన్నాను. అట్టపెట్టె మీద బొమ్మలో అది కొండలెక్కుతోంది, చక్రాల కింద నిప్పురవ్వలు లేస్తున్నాయి. ఇంటికొచ్చి సెల్లు వేసి, హాల్లో టైల్స్ మీద పెట్టి, రిమోట్ వాడి చేతికిచ్చాం. బటన్ నొక్కాడో లేదో కారు సర్రున పోయి పూజగది గడపకి కొట్టుకుని వెల్లకిలా పడింది. మళ్ళీ నిలబెట్టాం. ఈసారి సోఫా కిందకి దూరింది. వెనక్కి రప్పిద్దామని చూస్తే, వెనక్కి వచ్చేటప్పుడు అది ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతోంది. అలా తిరిగి తిరిగి గోడకి ఆనుకుని, ఉన్నచోటే చక్రాలు గిర్రున తిప్పుకుంటూ ఉండిపోయింది. పది నిమిషాలయ్యాక మా వాడు రిమోట్ నా ఒళ్ళో పెట్టేసి, "నాన్నా, ఇది నా మాట వినట్లేదు" అని వెళ్ళిపోయాడు.

వాడు సరిగ్గానే చెప్పాడు. నేను అట్టపెట్టె చూసి కొన్నాను. వాడి వేళ్ళు ఎంతున్నాయో, మా హాలు ఎంతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ తర్వాత మా అక్క కొడుక్కి, ఎదురింటి పాపకి, ఆఫీసులో ఇద్దరు ముగ్గురి పిల్లలకి బండి ఎంచిపెట్టే పని ఎలాగో నా మీద పడింది. ఆ అనుభవంతో రాస్తున్నాను. మూడు నుంచి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు మొట్టమొదటి రిమోట్ బండి కొనబోతుంటే ఈ వరసలో చూసుకుంటూ వెళ్ళండి.

ముందు ఇంటి నేల చూసుకోండి

దుకాణానికి బయల్దేరే ముందే బండి ఎక్కడ నడుస్తుందో తేల్చుకోండి. హాల్లో సోఫా, టీపాయ్, షూ ర్యాక్ పోను ఖాళీ జాగా ఎంత మిగులుతుంది? అపార్ట్‌మెంట్లలో 12 అడుగులు దొరికితే గొప్పే. 12 అడుగులంటే సుమారు 3.7 మీటర్లు. గంటకి 15 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకి 4 మీటర్ల పైన పోతుంది. అంటే పిల్లాడు మీట నొక్కి కళ్ళు పైకెత్తేలోపు అది గోడ దగ్గరుంటుంది. అదే గంటకి 4 కిలోమీటర్ల బండికైతే ఆ దూరానికి మూడు సెకన్ల పైన పడుతుంది. బండి ఎటు పోతోందో చూసి, ఎటు తిప్పాలో ఆలోచించి, వేలు కదపడానికి చిన్నపిల్లలకి ఆ మూడు సెకన్లూ కావాలి. కాబట్టి పెట్టె మీద "హై స్పీడ్" అని పెద్దక్షరాల్లో కనిపిస్తే మొదటి బండిగా దాన్ని వదిలేయండి. పక్కన మీరు మామూలుగా నడిస్తే అందుకోగలిగేంత వేగం చాలు.

తర్వాత ఎత్తుపల్లాలు. అసలు గడప ఏ బొమ్మా దాటదు, ఆశపడొద్దు. కానీ డోర్‌మ్యాట్ అంచు, చాప అంచు, గదికీ బాల్కనీకీ మధ్య ఉండే చిన్న మెరక దాటాలి. అందుకు బండి పొట్టకీ నేలకీ మధ్య కనీసం మీ చూపుడు వేలు పట్టాలి. రేసు కార్లకి అంత ఎత్తు ఉండదు. చక్రాలు గట్టి ప్లాస్టిక్‌వైతే నున్నటి గ్రానైట్ మీద జారుతూ పోతాయి, మలుపు తిరగవు. రబ్బరు టైర్లయితే పట్టు ఉంటుంది. గోటితో నొక్కి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

వాకిలో పెరడో ఉన్న ఇల్లయితే పెద్ద చక్రాల బండి తీసుకోండి. అడుగున గేర్లు కనపడేలా తెరిచి ఉన్నది మాత్రం వద్దు. ఒక్క పిడికెడు ఇసుక చాలు, వారం తిరక్కుండా గేరు పళ్ళు అరిగిపోతాయి. అపార్ట్‌మెంట్ కారిడార్ మంచి జాగా. కింద పార్కింగ్ మాత్రం వద్దే వద్దు. బొమ్మ కోసం వంగి కూర్చున్న పిల్లాడు రివర్స్ చేస్తున్న డ్రైవర్‌కి కనపడడు.

ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఇంకో సంగతి. అరచేతిలో ఇమిడే బుల్లి కార్లు ముద్దుగానే ఉంటాయి గానీ, మా అమ్మ అలాంటిదాని మీద కాలేసి, గుమ్మం పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దూరం నుంచి కంటికి ఆనేంత సైజు, పసుపో నారింజో లాంటి కొట్టొచ్చే రంగు చూసుకోండి. బూడిద రంగు టైల్స్ మీద బూడిద రంగు జీపు కొనేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

కారు కన్నా ముందు రిమోట్ పట్టుకుని చూడండి

దుకాణంలో అందరి చేతులూ కారు మీదకే పోతాయి. నేను ఇప్పుడు ముందు రిమోట్ తీసి చూస్తాను.

అన్నిటికన్నా చవకవాటికి రెండే బటన్లుంటాయి. ఒకటి నొక్కితే నేరుగా ముందుకు. రెండోది నొక్కితే ఒక పక్కకి తిరుగుతూ వెనక్కి. బండిని మళ్ళించాలంటే వెనక్కి తీసి, మూతి కావలసిన వైపు తిరిగాక, మళ్ళీ ముందుకు నడపాలి. నా ఎర్ర కారు ఈ రకమే. అయితే ఈ పద్ధతే చెడ్డదని అనను. మూడేళ్ళ పిల్లలకి మెత్తటి, గుండ్రటి, నెమ్మదిగా పోయే బండిలో ఇదే హాయి. ఆలోచించాల్సినవి రెండే కదా. అదే పద్ధతిని రేసు కారులో పెట్టి నాలుగైదేళ్ళవాళ్ళకి ఇస్తేనే గొడవ. వాళ్ళకి కుడి అంటే కుడికే వెళ్ళాలి.

నాలుగు దాటిన పిల్లలకు రెండు మీటల రిమోట్ సరిగ్గా సరిపోతుంది. ఎడమ బొటనవేలు కింద ముందుకు, వెనక్కి. కుడి బొటనవేలు కింద కుడి, ఎడమ. బొమ్మల దుకాణాల్లో దొరికే బండ్లలో చాలావాటికి "కొంచెం తిప్పడం" అనేది ఉండదు. నొక్కితే చక్రాలు పూర్తిగా తిరుగుతాయి, వదిలితే నేరుగా వస్తాయి. పిల్లలు టక్, టక్ అని చిన్నచిన్నగా నొక్కడం రెండు రోజుల్లో పట్టేస్తారు. మీట ఎంత జరిపితే చక్రం అంతే తిరిగేవి, ఎంత లాగితే అంతే వేగం పెరిగేవి కూడా ఉన్నాయి. అవి అభిరుచిగా నడిపేవాళ్ళ బండ్లు. ధర వేలల్లో ఉంటుంది, వేగం గంటకి 30 కిలోమీటర్లు దాటేవీ ఉంటాయి. ఏడెనిమిదేళ్ళు వచ్చాక, ఆసక్తి నిలబడిందని తెలిశాక చూసుకోవచ్చు.

తుపాకీలా పట్టుకునే రిమోట్ అయిదేళ్ళ లోపు చేతికి పట్టదు. ట్రిగ్గర్ దాకా వేలు అందదు, అందితే రెండో చెయ్యి చక్రం తిప్పడానికి చాలదు. స్టీరింగ్ ఆకారంలో ఉండే రిమోట్లు చూడ్డానికి బాగుంటాయి. పిల్లలు దాన్ని పట్టుకుని "పాం పాం" అనుకుంటూ ఇల్లంతా తిరుగుతారు, కారు మాత్రం మూలన పడుంటుంది. చేతి వాచీలా కట్టుకుని చెయ్యి ఊపితే నడిచేవి రీల్స్‌లో బాగుంటాయి, పసిపిల్లలకి కాదు.

పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఒక చిన్న పరీక్ష పెట్టండి. సెల్లు వేయకముందే రిమోట్ చేతికివ్వండి. రెండు చేతులా పట్టుకుని ఉండగానే రెండు బొటనవేళ్ళూ మీటల మీదకి వెళ్తున్నాయా? నొక్కడానికి రిమోట్‌ని ఒళ్ళో పెట్టుకుంటున్నారంటే అది పెద్దదో బరువుదో అయినట్టు.

బండి ఎదురొస్తే కుడి ఎడమవుతుంది

పెద్దవాళ్ళం మర్చిపోయే సంగతి ఇది. బండి మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి మీట నొక్కితే మన కుడికే పోతుంది. అదే బండి మన వైపు వస్తున్నప్పుడు కుడి నొక్కితే మన ఎడమకి పోతుంది. మీట కుడి అంటే బండిలో కూర్చున్న డ్రైవర్ కుడి. నాలుగేళ్ళ పిల్లలకి ఇది నోటితో చెప్తే అర్థం కాదు. రెండుసార్లు ఎదురొచ్చి గోడకి కొట్టుకోగానే "పాడైపోయింది" అంటారు.

దీనికి మందు కొనేటప్పుడే ఉంది. ముందు ఏదో వెనక ఏదో చూడగానే తెలిసే బండి కొనండి. లారీకి క్యాబిన్ ఉంటుంది, జీపుకి వెనక స్టెప్నీ ఉంటుంది. రెండు వైపులా ఒకేలా ఉండే గుండ్రటి స్టంట్ కార్లలో మూతి ఎటుందో నాకే తెలియదు. లోపల డ్రైవర్ బొమ్మ కూర్చుని ఉంటే ఇంకా సుఖం. "డ్రైవర్ అంకుల్ చెయ్యి ఎటుంది?" అని అడిగితే చాలు, పిల్లలు తలకాయ వంచి బండితో పాటు తిరిగి చూసుకుంటారు.

ఏ రకం బండి?

నా ఓటు టిప్పర్ లారీకే. నెమ్మదిగా పోతుంది, ఎత్తుగా ఉంటుంది, అన్నిటికీ మించి దానికి ఒక పని ఉంటుంది. ఊరికే అటూ ఇటూ తిరిగే కారు మూడు రోజుల్లో విసుగొస్తుంది. వెనక తొట్టిలో ఏదో ఒకటి వేసుకుని పోయే లారీకి రోజుకో ట్రిప్పు దొరుకుతుంది.

జేసీబీ సంగతి చెప్పక్కర్లేదు. మన దగ్గర రోడ్డు మీద జేసీబీ ఆగిందంటే స్కూల్ వ్యాన్ మొత్తం కిటికీలకి అతుక్కుపోతుంది. రిమోట్ జేసీబీ కూడా నెమ్మదైనదే, గట్టిదే. కానీ చెయ్యి లేపడానికి ఒకటి, తొట్టి వంచడానికి ఒకటి, పైభాగం తిప్పడానికి ఒకటి అని రిమోట్ నిండా బటన్లే. అయిదు దాటినవాళ్ళకి బ్రహ్మాండం. మూడేళ్ళవాళ్ళకి కొంటే ఆడుకునేది నాన్నలే.

రాళ్ళెక్కే రకం జీపులు, అంటే క్రాలర్లు, కూడా మంచి మొదటి బండ్లు. వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. దిండ్లు, పుస్తకాల గుట్ట, తాతయ్య కాళ్ళు అన్నీ ఎక్కుతాయి. స్టంట్ కార్లు బోర్లా పడినా నడుస్తాయి కాబట్టి విరగవు, పిల్లలు పడీ పడీ నవ్వుతారు. కానీ నడపడం నేర్చుకునేది తక్కువ. రెండో బండిగా కొనండి. రేసు కార్లు మైదానం ఉంటేనే. డ్రోన్లు, హెలికాప్టర్ల ఊసు ఇప్పుడొద్దు, తిరిగే రెక్కలు సరిగ్గా పిల్లల కళ్ళ ఎత్తున ఎగురుతాయి.

మూడేళ్ళు నిండకపోతే రిమోట్ జోలికే పోకండి. చిన్న విడిభాగాలు, సెల్లు, యాంటెన్నా అన్నీ నోట్లోకే వెళ్తాయి. ఆ వయసుకి తాడు కట్టి లాగే చెక్క బండి ఇచ్చే ఆనందం ఏ రిమోటూ ఇవ్వదు. ఏటికొప్పాక లక్కబొమ్మల్లో అలాంటివి వెతకండి.

సెల్లా, చార్జింగా

చవక బండ్లు పెన్సిల్ సెల్లతో నడుస్తాయి. కారుకి మూడో నాలుగో, రిమోట్‌కి రెండు. గోడగడియారంలో ఏడాది వచ్చే మామూలు సెల్లు మోటారు తిప్పాలంటే త్వరగా చేతులెత్తేస్తాయి. ఆల్కలైన్ సెల్లు ఎక్కువసేపు వస్తాయి, ధరా ఎక్కువే. నెల తిరిగేసరికి సెల్లకి పెట్టిన డబ్బు కారు ధరని దాటిపోవచ్చు. అందుకని పెన్సిల్ సెల్ల బండే కొంటే, నాలుగు రీచార్జబుల్ సెల్లు, వాటి చార్జరు కూడా కలిపి కొనేయండి. మామూలు సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ నికెల్ సెల్ 1.2 వోల్టులు. బండి కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మనకి కావలసిందీ అదే.

చార్జింగ్ బ్యాటరీతో వచ్చేవి ఎక్కువగా 3.7 లేదా 7.4 వోల్టుల లిథియం బ్యాటరీలవి. గంటో రెండు గంటలో చార్జింగ్ పెడితే ఇరవై నిమిషాలు, అరగంట నడుస్తాయి. "ఇంతేనా?" అనుకోకండి. స్క్రీన్ ఆపమని పోట్లాడే ఇంట్లో, తనంతట తానే ఆగిపోయే ఆట దొరకడం అదృష్టం.

ఈ బ్యాటరీల విషయంలో నేను కచ్చితంగా పాటించేవి కొన్ని ఉన్నాయి. ఆడి వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే చార్జింగ్ పెట్టాలి. పెట్టెలో వచ్చిన తీగనే వాడాలి, దాన్ని ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కి కాకుండా పాత మామూలు చార్జర్‌కి తగిలించాలి. పరుపు మీదో సోఫా మీదో కాకుండా గచ్చు మీద పెట్టాలి. రాత్రంతా వదిలేసి పడుకోకూడదు. బ్యాటరీ ఉబ్బితే ఇక దాని పని అయిపోయినట్టే, వాడొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఇంకొకటి, కొన్ని 3.7 వోల్టుల బ్యాటరీలు అచ్చం పెన్సిల్ సెల్ సైజులోనే ఉంటాయి. దాన్ని తీసి టీవీ రిమోట్‌లోనో గడియారంలోనో వేస్తే అది పాడవుతుంది. మీద రాసిన వోల్టులు చదివాకే వేయండి.

అమెరికా నుంచి బాబాయో పిన్నో తెచ్చిన బండి అయితే చార్జర్ ప్లగ్ మీద అక్షరాలు చదవందే గోడకి పెట్టకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ఫరవాలేదు. ఒక్క 120 మాత్రమే ఉంటే, ప్లగ్ మార్చే అడాప్టర్ పెట్టినా ప్రయోజనం లేదు, అది వోల్టేజీని తగ్గించదు. చార్జరు కాలిపోతుంది.

అట్టపెట్టె మీద చదవాల్సినవి

1:18, 1:24 అని రాసి ఉంటుంది. అసలు బండిని అన్నో వంతుకి కుదించారని అర్థం. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు చాలావరకు 4 మీటర్ల లోపే. అలాంటిది 1:18 అయితే 22 సెంటీమీటర్ల పొడవు, 1:24 అయితే 17 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పెట్టె ఎంత పెద్దదైనా లోపల బండి ఎంతో ఈ అంకె చెప్పేస్తుంది. ఇంట్లో ఆడుకోవడానికి 1:16 నుంచి 1:20 మధ్య బాగుంటుంది.

27 మెగాహెర్ట్జ్ అని ఉంటే రిమోట్ సిగ్నల్ పాత పద్ధతిది. అన్నదమ్ములిద్దరికీ అలాంటివే రెండు కొంటే, ఒకడు నొక్కితే రెండోవాడి కారు కూడా కదులుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఏమవుతుందో మీకే తెలుసు. 2.4 గిగాహెర్ట్జ్ రకంలో ప్రతి రిమోట్ తన బండితోనే జత కడుతుంది, పక్క బండితో పేచీ ఉండదు. కవలలున్నా, కజిన్లు వచ్చిపోయే ఇల్లయినా ఇదే కొనండి.

ఇక ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి, అంటే 14 ఏళ్ళ లోపు పిల్లలవాటికి, ఇది తప్పనిసరి. కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే బొమ్మలకి ఆ గుర్తు పైన ఐఎస్ 15644 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరుని, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో చూపిస్తుంది. దుకాణంలో నిలబడే చూడొచ్చు, నిమిషం పని. పేరూ ఊరూ లేని పెట్టెలో వచ్చే మెరుపు కార్లు బేగంబజార్‌లోనూ ఉంటాయి, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. వాటిలో రంగు ఏమిటో, ప్లాస్టిక్ ఏమిటో, చార్జర్ ఏమిటో ఎవరికీ తెలియదు. రెండొందలు మిగులుతాయని వాటికి పోవద్దు.

పసిముఖం మీద అడ్డంగా ఎర్ర గీత ఉన్న గుర్తు కనపడితే మూడేళ్ళ లోపు పిల్లలకి కాదని.

దుకాణంలో చెక్ చేయడం

"చెక్ చేసుకుని తీసుకెళ్ళండి సార్, తర్వాత వాపసు లేదు" అంటారు. సరే, చెక్ చేద్దాం. మీ సెల్లు మీరే పట్టుకెళ్ళండి. కుర్రాడు కారుని గాల్లోకి ఎత్తి చక్రాలు తిప్పి చూపించి "ఓకేనా?" అంటాడు. అది చెకింగ్ కాదు. నేల మీద పెట్టమనండి.

ముందుకు పది అడుగులు నడపండి. నేరుగా పోతోందా, ఒక పక్కకి లాగుతోందా? లాగితే తిప్పి అడుగున చూడండి, ముందు చక్రాల మధ్య చాలావాటికి గోటితో జరిపే చిన్న పుల్ల లాంటిది ఉంటుంది. అటో ఇటో జరిపితే దారిలోకి వస్తుంది. ఇది తెలియక బాగున్న కార్లు వాపసు ఇచ్చేవాళ్ళని చూశాను. కుడి మీట వదలగానే చక్రాలు తిరిగి నేరుగా రావాలి, రాకపోతే వద్దు. పది పెద్ద అంగల దూరం వెళ్ళి అక్కడి నుంచి నడపండి. మోటారు శబ్దం సమంగా ఉండాలి, మధ్యలో కరకర వినపడకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఘాటుగా కొడితే పక్కన పెట్టేయండి.

తర్వాత బ్యాటరీ మూత. కారుకీ రిమోట్‌కీ రెండింటికీ మూతకి స్క్రూ ఉండాలి. గోటితో ఊడొచ్చే మూత ఉన్న బొమ్మ చిన్నపిల్లల ఇంట్లోకి రాకూడదు. కొన్ని చవక రిమోట్లలో రూపాయి బిళ్ళలా మెరిసే బటన్ సెల్ ఉంటుంది. అది మింగితే గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాలడం మొదలవుతుంది. పిల్లలు మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. అలాంటి రిమోట్ ఉన్న బండి నేను అసలు కొనను.

చార్జింగ్ బండి అయితే విడిగా బ్యాటరీ దొరుకుతుందా అని అడగండి. "దొరుకుతుంది" అంటే "చూపించండి" అనండి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి, వాపసు గొడవల్లో అదే సాక్ష్యం.

ఇంట్లో మొదటి రోజు

పుట్టినరోజు ఫంక్షన్‌లో కేకు కోసిన వెంటనే విప్పకండి. పదిహేనుమంది పిల్లలు, ఒక్క రిమోట్. ఆ సాయంత్రం గడిచేసరికి యాంటెన్నా ఒకరి చేతిలో, చక్రం ఒకరి చేతిలో ఉంటుంది. మర్నాడు, ఇల్లు సద్దుమణిగాక, మీరు ముందే చార్జింగ్ పెట్టి ఉంచి ఇవ్వండి.

మొదటి పావుగంట ఒకటే ఆట. బండి ముందుకు పోతుంది, పిల్లలు దాని వెనకే నడుస్తారు. వెనకే ఉంటే కుడి కుడిగానే ఉంటుంది. ఇంకో రెండు రోజులకి ఒకచోట నిలబడి నడపమనండి. ఆ తర్వాతే ఎదురు రప్పించడం. తొందరపెట్టకండి, రిమోట్ లాక్కుని "అలా కాదు, ఇలా" అని చూపించకండి. నేనలా చేసే ఒక సాయంత్రం మొత్తం నేనే ఆడుకున్నాను.

రోడ్డు గీయాలంటే సుద్దముక్కతో గీయండి. ముగ్గుపిండి వద్దు, ఇరుసుల్లోకి పోతుంది. రెండు నీళ్ళ సీసాలు నిలబెట్టి మధ్యలోంచి పోనివ్వమనండి, పోతుంటే సీసాలు దగ్గరకి జరపండి.

మా మేనల్లుడికి అయిదో ఏట పసుపు టిప్పర్ ఇప్పించాను. వంటింట్లో మా అక్క తొట్టిలో గుప్పెడు వేయించిన పల్లీలు పోసి, "నానమ్మకి ఇచ్చి రా" అంది. వాడు వంటింటి గుమ్మం నుంచి హాల్లో మంచం దాకా బండి వెనకే ఒంగి నడిచాడు. మొదటి మలుపులో నాలుగు పల్లీలు కింద పడ్డాయి. రెండో మలుపులో వాడు మీట వదిలి, మళ్ళీ నొక్కి, మళ్ళీ వదిలి, పిల్లి అడుగుల్లా తిప్పాడు. ఒక్కటి కూడా పడలేదు. "మామయ్యా, నెమ్మదిగా తిప్పితే పడవు" అని నాకు చెప్పాడు. నేను అప్పటిదాకా ఆ మాట అనలేదు. నానమ్మ పల్లీలు తీసుకుని, తొట్టిలో రూపాయి బిళ్ళ వేసి కిరాయి ఇచ్చింది. ఆ రోజు పన్నెండు ట్రిప్పులు పడ్డాయి.

గోడకి ఆనుకుని బండి ఆగిపోయినా మీట వదలకుండా నొక్కి పట్టుకోవడం పిల్లలందరూ చేసే పనే. చక్రం తిరగకపోయినా మోటారుకి కరెంటు పోతూనే ఉంటుంది, మామూలుగా తిరిగేటప్పటికన్నా ఎక్కువే పోతుంది. మోటారు వేడెక్కి కాలేది అప్పుడే. "బండి ఆగితే వేలు ఎత్తేయ్" అనే ఒక్క నియమం మొదటి రోజే నేర్పండి.

ఆగిపోతే పారేయకండి

సగం రిపేర్లకి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. బండి కదలకపోతే ముందు రిమోట్ సెల్లు మార్చి చూడండి, కారులో సెల్లే మార్చి రిమోట్‌వి మర్చిపోతుంటాం. సెల్లు అన్నీ ఒకేసారి మార్చాలి, పాతవీ కొత్తవీ కలిపి వేయకూడదు. స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో తుప్పు పడితే సెల్లు తీసేసి, ఉప్పు కాగితం ముక్కతో స్ప్రింగు మెరిసేదాకా రుద్దండి. ఆ పొడి పిల్లల చేతికి తగలనివ్వకండి.

చక్రం బిగుసుకుపోయిందంటే మన ఇళ్ళలో నూటికి తొంభై సార్లు జుట్టే. బండిని బోర్లా పెట్టి ఇరుసు దగ్గర చూడండి, పొడుగాటి వెంట్రుకలు దారపు ఉండలా చుట్టుకుని ఉంటాయి. కత్తెర మొనతో ఒక చోట తెంపి, పట్టకారుతో మెల్లగా లాగితే మొత్తం ఒక్కసారే ఊడొస్తుంది. మా వాడి లారీ వెనక ఇరుసులోంచి ఒకసారి వాళ్ళమ్మ జుట్టుతో పాటు రాఖీ దారం, పూలదండలోంచి ఊడిన నార కూడా వచ్చాయి. బండి నడుస్తుండగా దాని పక్కన పడుకుని చూడటం పిల్లలకి ఇష్టం. ఆడపిల్లలకి జడ వేసి, పైకి కట్టి కూర్చోబెట్టండి.

సెలవులకి ఊరెళ్ళేటప్పుడు కారులోవీ రిమోట్‌లోవీ సెల్లు తీసేసి వెళ్ళండి, లేకపోతే తిరిగొచ్చేసరికి కారిపోయి ఉంటాయి. మూత స్క్రూని మాత్రం ఒక ముక్క టేపుతో కారు పొట్టకే అంటించి పెట్టండి. నేను నాలుగు పోగొట్టుకున్నాను.